2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) కప్పు ఎలా గెలిచింది?

మన స్ట్రైకర్ ఒగ్బెచె ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు, నిజమే. కానీ ఫైనల్ గెలిపించింది గోల్‌కీపర్ కట్టిమణి అనే అంటాను.

సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌పై రెండు మ్యాచ్‌లు కలిపి 3-2తో గట్టెక్కాం. మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 68వ నిమిషంలో గోల్ ఇచ్చేశాం. ఇక అయిపోయిందనుకున్నా. 88వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్ సాహిల్ తవోరా బాక్స్ బయటి నుంచి గాల్లో ఉన్న బంతిని అలాగే బాదేశాడు. 1-1!

పెనాల్టీల్లో ఒకటే టెన్షన్. కట్టిమణి మూడు ఆపాడు. బ్లాస్టర్స్ ఆటగాడు నిశు కుమార్ కిక్‌నైతే రెఫరీ మళ్లీ కొట్టించినా మళ్లీ ఆపేశాడు! చివర్లో మన నర్జరీ గోల్‌తో 3-1. మన ఊరికి తొలి ఐఎస్‌ఎల్ టైటిల్.