మార్చి మబ్బు ఎక్కడిది?

ప్రశ్న: పొద్దంతా ఎండ కాసి, సాయంత్రం ఉన్నట్టుండి వడగళ్లు పడి మా బత్తాయి పిందె రాలిపోతోంది. సముద్రం ఇంత దూరంలో ఉండగా ఈ మబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?
– ఒక రైతు, నల్గొండ

జవాబు: తేమ చాలావరకు బంగాళాఖాతానిదేనండీ. ఆగ్నేయం నుంచి వచ్చే ఆ తేమగాలి, వాయవ్యం నుంచి దిగే పొడిగాలితో తెలంగాణ మీద కలిసినప్పుడు, మధ్యాహ్నపు ఎండకు కాగిన నేల దానిని పైకి తోయగా, క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం ఒక్కోసారి 12 కిలోమీటర్లు దాటి ఎదుగుతుంది. వడగల్లును పగలగొట్టి చూడండి, ఉల్లిపాయలో లాగా తెల్లని పొరా అద్దం లాంటి పొరా కనిపిస్తాయి. నీటిబొట్లు ఒకచోట వెంటనే, మరోచోట నెమ్మదిగా గడ్డకట్టిన గుర్తులవి. శంషాబాద్‌కు వచ్చే విమానాలు అలాంటి మేఘంలోకి దూరవు, చుట్టి వెళ్తాయి, లేదా ఆకాశంలోనే వేచి ఉంటాయి. తీరంలో మార్చి తుపాన్లు అరుదు. ఈ నెల మత్స్యకారుడి కంటే తోట రైతుకే గడ్డుది. వాతావరణ శాఖ రాబోయే మూడు గంటలకు ఇచ్చే తక్షణ సూచనను మధ్యాహ్నం దాటాక తప్పక చూడండి.