ఫస్ట్ ట్రిప్పులోనే మూడ్ పోతే?

ప్రశ్న: అక్కా, నాది కరీంనగర్ దిక్కు, పల్లెవెలుగు బస్సుల కండక్టర్‌ని. మొన్న పొద్దుగాల ఫస్ట్ ట్రిప్పులనే ఒకాయన ముప్పై రూపాయల టికెట్‌కి ఐదొందల నోటిచ్చిండు, చిల్లర లేక టికెట్ ఎనకాల బాకీ రాసిచ్చిన, గంతే, "ఆడోళ్లకేమో ఫ్రీ, మా దగ్గరేమో గుంజుడా" అని బస్సంతా వినేటట్టు అన్నడు. నేనేం అనలే. కానీ దినమంతా అదే మెదిలింది, టిమ్‌ల, అదే టికెట్ మిషన్‌ల, ఒక స్టేజీ తప్పు కొట్టిన, ఆధార్ కార్డు తీయనీకి లేట్ చేసిందని ఒక ముసలవ్వ మీద అరిచిన. మా డ్రైవరన్న లైట్ తీస్కో అంటడు. ఎట్ల తీస్కోవాలె?

జవాబు: మీ డ్రైవరన్న మంచి మనసుతోనే అన్నాడు చెల్లీ, కానీ ఆ నిమిషంలో ఆ సలహా ఎవరికీ పనికిరాదు. ఎందుకంటే అప్పుడు విషయం బుర్రలో కాదు ఒంట్లో ఉంటుంది, అడ్రినలిన్ ఎక్కి గుండె దడదడ, చేతులు వణుకు, గొంతు పట్టేయడం, ఇవన్నీ మాట విని తగ్గేవి కావు, కాసేపు పడుతుంది. అందుకే ముందు చేతులకి పని చెప్పండి. టికెట్లు కొట్టడం అయిపోయాక మీ సీట్లో కూర్చుని బ్యాగులో పదులు పదులు, ఇరవైలు ఇరవైలు సర్దుకోండి, టిమ్‌తో క్యాష్ సరిచూసుకోండి, ఎలాగూ ఇలాంటి రోజే షార్టేజ్ వచ్చేది కూడా. సర్దుతూనే ఊపిరి పీల్చిన దానికన్నా ఎక్కువసేపు వదలండి, గాలి వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది, ఒంటి తీరే అంత.

ఇక టీ పాయింట్ దగ్గర దిగగానే కనపడ్డ ప్రతి ఒక్కరికీ ఆ కథ చెప్పకండి. కోపం కక్కేస్తే పోతుందని మనందరం అనుకుంటాం కదా, అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ అనే సైకాలజిస్ట్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో తిట్టినవాణ్ణి తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్ గుద్దినవాళ్లకి కోపం ఇంకా పెరిగింది, ఊరికే కూర్చున్నవాళ్లే నయం. నలుగురికి నాలుగుసార్లు చెప్పడం కూడా అలాంటిదే అని నా అభిప్రాయం. ఒక్కరికి, ఒక్కసారి, "నాకు అవమానం అనిపించింది" అని ఉన్నదున్నట్టు చెప్పండి, చాలు.

అసలు మిమ్మల్ని పొడిచింది చిల్లర గొడవ కాదు, ఆ ఫ్రీ మాట. ఆడవాళ్లకి బస్సు ఫ్రీ చేసిన మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న ప్రభుత్వం మొదలుపెట్టింది, జీరో టికెట్ కొట్టడం మీ డ్యూటీ, దాని మీద ఎవరికేం కోపం ఉన్నా అది పోవాల్సిన అడ్రస్ వేరే, మధ్యలో టిమ్ పట్టుకుని కనపడింది మీరు, అంతే. (మొహం చెదరకుండా ఇవన్నీ పడటం కూడా పనే అని 1983లోనే ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సోషియాలజిస్ట్ ఎయిర్‌హోస్టెస్‌లని చూసి రాసింది, మన పే స్లిప్పుల్లో మాత్రం దానికి కాలమ్ లేదు.)

ఆ అవ్వ సంగతి మాత్రం వదిలేయొద్దు. ఆ రూట్ మనిషే అయ్యుంటుంది, మళ్లీ ఎక్కినప్పుడు "మొన్న ఏదో చిరాకులో అరిచిన, ఏమనుకోకు అవ్వా" అనండి, మీ మనసు సగం తేలికపడేది అక్కడే. ఒకవేళ ఎవడైనా బూతులు తిట్టినా చెయ్యెత్తినా అది మూడ్ సంగతి కాదు, టైమ్, స్టేజీ, సాక్షులతో సహా అదే రోజు డిపోలో రాసివ్వండి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, డ్యూటీ అంటేనే గుండె జారుతున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రి డ్యూటీ దిగాక చేసినా ఎత్తుతారు.

ప్రశ్న: మేడమ్, సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ చేస్తాను. మేనేజర్ కస్టమర్ల ముందు తిడితే తర్వాత రెండు గంటలు అన్నీ తప్పులే. క్విక్‌గా ఏదైనా చెప్పండి.

జవాబు: తిన్నారా బాబూ? నిజంగానే అడుగుతున్నా, ఖాళీ కడుపుతో మాట పడితే రెండింతలు మంటగా ఉంటుంది. పక్క కౌంటర్ అతన్ని అడిగి పది నిమిషాలు చేయి మార్చుకోండి, మొహం కడుక్కుని ఏదైనా తినండి, వచ్చాక మొదటి ఐదారు బిల్లులు కావాలనే నిదానంగా కొట్టండి, లైన్ పెరిగినా పర్లేదు. మేనేజర్‌తో మాట్లాడటం షిఫ్ట్ అయ్యాక, స్టోర్ రూమ్ పక్కన, ఇద్దరే ఉన్నప్పుడు: "తప్పుంటే పక్కకి పిలిచి చెప్పండి సార్, కస్టమర్ల ముందు వద్దు."