కుక్కల ఈసీజీ నేర్చుకుంటే బతుకుతెరువు దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతి వెటర్నరీ కాలేజీలో నాలుగో ఏడు చదువుతోంది. ఆస్పత్రిలో చేర్చిన కుక్కలు, పిల్లుల గుండె లయను కనిపెట్టి చూసే పనిలోనే స్థిరపడతానంటోంది. ప్రభుత్వ పశువైద్యురాలి (వీఏఎస్) పోస్టు వస్తే చాలనుకున్న మాకు టెన్షన్‌గా ఉంది. దీనికి భవిష్యత్తు ఉందా?
– ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: ఉందండీ. కాకపోతే 'గుండె డాక్టర్' అనే బోర్డు మీద ఇప్పుడే ఆశ పెట్టుకోవద్దనండి. పశువైద్యంలో పీజీ అయిన ఎంవీఎస్సీలో వెటర్నరీ మెడిసిన్ తీసుకుని, థీసిస్ గుండె జబ్బుల మీద చేయడం మేలైన దారి.

ఆ పనేమిటో మీకూ తెలియాలి. కడుపు ఉబ్బి మెలితిరిగిన పెద్దజాతి కుక్కకు సాయంత్రం ఆపరేషన్ అయిందనుకోండి. అది లేచి తోక ఊపగానే గండం గడిచిందనుకుంటారు. గుండె లయ తప్పడం చాలాసార్లు ఆ తర్వాతే, తెల్లారేలోపో మర్నాడో మొదలవుతుంది. మానిటర్‌లో మధ్యమధ్య వెడల్పాటి గీతలు పడతాయి. తొడ దగ్గర నాడి పట్టుకుంటే కొన్ని దెబ్బలు అందవు. అలాగని గీత కనబడగానే మందు ఎక్కించకూడదు. వేగం మరీ పెరగకుండా, బీపీ నిలకడగా ఉంటే నొప్పి, పొటాషియం, ఆక్సిజన్ సరిచూసుకుంటూ కాపు కాయడమే వైద్యం. నిమిషానికి 180 దాటి ఆగకుండా కొట్టుకుంటూ కుక్క డీలా పడుతుంటే అప్పుడు లయను సరిచేసే మందు లిగ్నోకైన్. పిల్లికి అదే మోతాదు ఇస్తే ఫిట్స్ రావచ్చు.

మూత్రం బిగిసిన మగపిల్లి సంగతి ఇంకోటి. ఆస్పత్రి భయానికి దాని గుండె 180, 200 కొట్టుకోవాలి. 100కి దిగిందంటే నెమ్మదించిందని సంబరపడకూడదు. పొటాషియం పెరిగిందేమో చూడాలి. ఈసీజీలో ప్రతి దెబ్బకూ మొదట వచ్చే చిన్న అల, పి తరంగం, మాయమై, చివర వచ్చే టి తరంగం నిటారుగా లేస్తుంది. కాల్షియం గ్లూకోనేట్ కాసేపు గుండెను కాస్తుంది కానీ పొటాషియాన్ని తగ్గించదు, మూత్రం దారి తెరవాల్సిందే.

ఊపిరితో పాటు వేగం పెరుగుతూ తగ్గడం మాత్రం కుక్కకు సహజం. దాన్నీ జబ్బని రాసేసే జూనియర్లకు కొదవ లేదు. మెషిన్‌ది ఇంకో గోల, పొడుగాటి టి తరంగాన్నీ లెక్కేసి రేటు రెట్టింపు చూపిస్తుంది. స్టెతస్కోప్ పెట్టి సరిచూసుకునే మనిషినే ఐసీయూ ఉన్న ఆస్పత్రులు వెతుక్కుంటాయి.

కాబట్టి వారాంతపు సర్టిఫికెట్ కోర్సులకు డబ్బు తగలేయకండి. ఇంటర్న్‌షిప్‌లో వీలున్నన్ని రాత్రి డ్యూటీలు అడిగి వేయించుకోమనండి. చెన్నైలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ మీకు దగ్గరే, అక్కడ పీజీకి ప్రయత్నించవచ్చు. చూసిన ప్రతి ఈసీజీ పట్టీ నోట్‌బుక్‌లో అంటించి, నాడి ఎలా ఉంది, ఏ మందిచ్చారు, తెల్లారేసరికి ఏమైంది రాసుకోవాలి. ఇంటర్వ్యూలో ఆ నోట్‌బుక్ మార్కుల లిస్టు కన్నా ఎక్కువ మాట్లాడుతుంది. అమెరికాలో కార్డియాలజీ రెసిడెన్సీ, అంటే గుండె స్పెషలిస్టు శిక్షణ, సాధారణంగా మూడేళ్లు. పోటీ విపరీతం, దాన్ని ఇప్పుడే తలకెత్తుకోవద్దు.

వీఏఎస్‌కు దరఖాస్తు మానక్కర్లేదు. అయితే అక్కడ చేతికొచ్చేవి ఎక్కువగా ఆవులు, గేదెలు, గొర్రెలు. ఈ విద్య తుప్పు పడుతుంది. మీరు అమ్మాయిని అడగాల్సింది జీతం గురించి కాదు, ఏళ్ల తరబడి నైట్ షిఫ్టులు చేయగలవా అని.