సెల్ఫ్ కొట్టే ముందు చదువు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

చాలాకాలంగా కదలకుండా పడి ఉన్న లారీ ఒకటి కొన్నావని, ఇంజను లోపల తగిలిన దెబ్బేమిటో నువ్వే తేల్చుకుంటానంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆమె గొంతులో భయమే ఎక్కువగా వినిపించింది గాని, నాకు ముందు గర్వమే కలిగింది. ఏడేళ్ళప్పుడు నా పక్కన చతికిలబడి నట్లనూ బోల్టులనూ సైజుల వారీగా డబ్బాల్లో వేసిన పిల్లవాడు ఇవాళ ఒక ఇంజను గుట్టు విప్పడానికి పూనుకున్నాడంటే ఎవరికి మాత్రం సంతోషం ఉండదు? అయితే ఫోను పెట్టేసే ముందు ఆమె ఇంకో మాట అంది. "హెడ్ గ్యాస్కెట్ ఒక్కటే పోయిందట, ఆదివారం కొత్త బ్యాటరీ తెచ్చి స్టార్టు చేసి చూస్తాడట" అని. అది విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. కొనే ముందు నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేదిరా?

బ్యాటరీ తేవద్దు. ఈ ఉత్తరంలో ఇంకేది మరిచినా ఇది మరవకు. హెడ్ గ్యాస్కెట్ అంటే సిలిండర్ల బ్లాకుకూ దాని పైమూత అయిన హెడ్‌కూ మధ్య నీళ్ళు లీకవకుండా ఆపే పలక. అది పోయిన ఇంజను ఊరికే నిలబడి ఉంటే, రేడియేటరు నీళ్ళు బొట్టుబొట్టుగా ఏదో ఒక సిలిండరులోకి దిగి పిస్టను నెత్తిన నిలుస్తాయి. గాలిని నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. ఒక్కో సిలిండరు లీటరు ఉండి కంప్రెషన్ నిష్పత్తి 17:1 అయితే, అంటే లోపలి గాలిని పదిహేడో వంతుకు నొక్కేదైతే, పిస్టను పూర్తిగా పైకి వచ్చినప్పుడు మిగిలే జాగా 60 మిల్లీలీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. టీ గ్లాసెడు నీళ్ళు కూడా అక్కర్లేదు. సెల్ఫ్ మోటారు బలమంతా ఆ నీటి మీద పడితే వంగేది నీరు కాదు, పిస్టనును కింది క్రాంకు ఇరుసుతో కలిపే కనెక్టింగ్ రాడ్.

చక్రాలకు దిమ్మలు పెట్టడం, బ్యాటరీ వైర్లు విప్పి ఉంచడం, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకోవడం నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ తరువాత సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నీ తీసి, ఏది ఏ సిలిండరుదో నంబరు రాసి పెట్టుకుని, క్రాంక్ పుల్లీ బోల్టుకు పొడవైన హ్యాండిల్ తగిలించి ఇంజనును చేత్తోనే నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పు. ఇంజెక్టరు రంధ్రాల మీదికి ముఖం వంచకు, నీళ్ళుంటే చిమ్ముకుంటూ పైకి వస్తాయి. తిరగకుండా ఎక్కడైనా బిగుసుకుంటే బలం పెట్టకుండా అక్కడే ఆగిపో.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియాలి. మా షెడ్డు అలమరలో వంకర తిరిగిన ఇనుప ముక్క ఒకటి ఉండేది, గుర్తుందా? అదేమిటి మామయ్యా అని నువ్వు ఎన్నిసార్లు అడిగినా తుక్కులే అని తప్పించుకునేవాణ్ణి. అది తుక్కు కాదు, నా తప్పు.

అప్పటికి నేను సొంతంగా పని మొదలుపెట్టి ఎన్నాళ్ళో కాలేదు. రాత్రంతా నిలిపిన ఒక లారీకి డ్రైవరు పొద్దున్నే సెల్ఫ్ కొడితే, ఇంజను సగం చుట్టు తిరిగి 'ధన్' మని ఆగిపోయింది. నీళ్ళు రోజూ కొంచెం కొంచెం తగ్గుతున్నాయని, పొద్దుటి పూట తెల్లపొగ వస్తోందని అతను చెప్పనే చెప్పాడు. నేను సగం విని, బ్యాటరీ దిగిపోయిందని తేల్చి, ఇంకో బ్యాటరీ జత చేసి మళ్ళీ కొట్టించాను. రెండోసారి ఇంజను మూలిగి, ఏదో అడ్డు తొలగినట్టుగా ఒక్క ఊపున అందుకుంది. నేను విజయగర్వంతో చేతులు తుడుచుకున్నాను. అయితే ఇంజను కింది భాగం నుంచి, అంతకు ముందు లేని ఒక దెబ్బ లయగా వినిపించడం మొదలైంది. అది పాత తరహా పంపున్న ఇంజను కాబట్టి, ఒక్కొక్క ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేస్తూ చూశాను. మూడోదాని దగ్గర శబ్దం తగ్గింది. ఇంకేముంది, ఇంజెక్టరు లోపమన్నాను. నిజానికి ఇంజెక్టరు చెడినా, రాడ్ చెడినా, ఆ సిలిండరుకు డీజిల్ ఆపితే శబ్దం తగ్గుతుంది. ఆ ఇంజెక్టరును తీసి ఇంకో సిలిండరులో పెట్టి చూడాలి. శబ్దం దానితోపాటు మారితే లోపం ఇంజెక్టరుది, మారకపోతే ఇంజను లోపలిది. అరగంట పని. నేను చెయ్యలేదు. కొత్త ఇంజెక్టరు వేశాను, శబ్దం కొంచెం తగ్గినట్టు అనిపించింది. అనిపించింది అంటున్నానే, తగ్గాలని నేను కోరుకున్నానంతే. సరుకు ఎక్కించుకుని వెళ్ళమన్నాను.

మూడో రోజు ఎత్తు రోడ్డు మీద నిండు లోడుతో ఆ రాడ్ విరిగి, బ్లాకు పక్క గోడను చీల్చుకుని బయటికి వచ్చింది. ఆయిలంతా రోడ్డు పాలైంది. డ్రైవరు బండిని పక్కకు లాగి ఎలాగో నిలబెట్టాడు, ప్రాణాలతో బయటపడ్డాడు. తిరిగి వచ్చి, విరిగిన ముక్కను నా పనిబల్ల మీద పెట్టి, ఒక్క మాట అనకుండా ఎదురుగా కూర్చున్నాడు. తిట్టి ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదేమో.

వంగిన రాడ్‌ను ముందే పట్టుకోవచ్చని ఆ తరువాతే నేర్చుకున్నాను. రాడ్ వంగితే దాని పొడవు తగ్గుతుంది, ఆ పిస్టను మిగతావాటంత పైకి రాదు. హెడ్ దించాక ఒక్కొక్క పిస్టనును పై కొసకు తెచ్చి, బ్లాకు మట్టంతో దాని ఎత్తును, సన్నని తేడాను ముల్లుతో చూపే డయల్ గేజీతో కొలిచి కాగితం మీద రాసుకో. ఒక్కటి మిగతావాటికంటే స్పష్టంగా తగ్గితే దాని రాడ్ మీదే అనుమానం పెట్టుకో. లైనరు, అంటే సిలిండరు లోపలి గొట్టం, పైభాగాన మసి గీత వెడల్పు కూడా చూడు. వంగిన రాడ్‌తో కొంతకాలం నడిచిన సిలిండరులో ఆ గీత మిగతావాటికంటే కిందికి దిగి వెడల్పుగా కనిపిస్తుంది. నువ్వు కొన్న బండిని ముందెవరు ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టి చూశారో మనకు తెలియదు కాబట్టి, చేత్తో తిప్పినప్పుడు సాఫీగా తిరిగినా ఈ కొలత మానకు.

హెడ్ దించే ముందే ఆయిల్ చేత మాట్లాడించు. ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అదే సంపు, దాని ప్లగ్గును ఒక్కసారిగా ఊడదీయకుండా చెమ్మ కారేంత మాత్రమే వదులు చెయ్యి. ఆయిల్ కంటే నీరు బరువు, ఇన్నాళ్ళు నిలబడిన ఇంజనులో నీళ్ళుంటే అవే ముందు వస్తాయి. డిప్‌స్టిక్ మీద మట్టం పైగీత దాటి, ఆయిల్ పలచబడి డీజిల్ వాసన కొడుతుంటే అది వేరే కథ, డీజిల్ లోపలికి దిగుతోందన్న మాట. ఫిల్టరు డబ్బాను రంపంతో కోయకు, రంపం రాల్చిన పొడిని చూసి ఇంజను అరిగిందని బెంగపడతావు. ఫిల్టరు కట్టరుతో కోసి, మడతల కాగితాన్ని పిండి, ఎండలో పరిచి అయస్కాంతం ఆడించు. అంటుకున్నది ఇనుము, లైనర్ల నుంచో రింగుల నుంచో గేర్ల నుంచో వచ్చి ఉంటుంది. అంటుకోకుండా బూడిదరంగులో మెరిసేది బేరింగు పైపూత కావచ్చు, పిస్టను అల్యూమినియమూ కావచ్చు. రాగి రంగు రేకులు కనిపిస్తే మాత్రం బేరింగులు పైపూత దాటి అరిగాయని గట్టిగా అనుమానించు. అప్పుడు సంపు దించి క్రాంకు చూడకుండా గ్యాస్కెట్ మాట ఎత్తకు.

ఇంకొక్క భయం ఉంది. మీ అమ్మకు చెప్పకు. నేను చేసినట్టు పైపు నట్లు వదులు చేసి శబ్దం వెతకడం కామన్ రైల్ ఇంజనులో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందే ఇంజనులో, ఎన్నడూ చెయ్యవద్దు. అక్కడి ఒత్తిడి 1,000 బార్లు, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్లు, దాటిపోగలదు, కంటికి కనబడని సన్నని ధార కూడా చర్మంలోకి దిగిపోతుంది. పైకి సూదిపోటులాగే కనిపించినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. ఆ ఇంజన్లలో సిలిండర్లను ఇంజను కంప్యూటరుకు తగిలించే స్కానరుతోనే ఆపి చూడాలి.

చేత్తో తిప్పాక ఏ నంబరు రంధ్రంలోంచి నీళ్ళు వచ్చాయో, ఏదీ తడవకపోతే ఆ సంగతీ, ఆ సాయంత్రమే ఫోను చేసి చెప్పు. ఫిల్టరు కాగితాన్ని పారెయ్యకు, పొడి గుడ్డలో చుట్టి ఉంచు, వచ్చి నా కళ్ళతో చూస్తాను.

మీ మామయ్య