మారిన ఫైళ్లు, తీసేసిన ఫైళ్లు

ప్రశ్న: చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు చేసిపెడతాం. కోడ్ గిట్‌లో (మార్పుల చరిత్రను దాచే టూల్) ఉంది, సర్వర్‌కి ఫైళ్లు పంపడానికి మాత్రం ఎఫ్‌టీపీ ఒక్కటే దారి. ఏ ఫైళ్లు మారాయో గుర్తుపెట్టుకుని చేత్తో ఎక్కిస్తున్నాను. మొన్న ఒకటి మర్చిపోతే సైట్ ఆగిపోయింది. రిలీజ్ అంటేనే టెన్షన్. మారినవే జిప్‌గా తీయొచ్చా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తీయొచ్చమ్మా. గుర్తుపెట్టుకునే పని గిట్‌కే వదిలేయండి. ప్రతి రిలీజ్‌కీ ఒక ట్యాగ్, అంటే ఆ దశకి గుర్తుగా ఒక పేరు, పెట్టండి. పాత ట్యాగ్‌కీ కొత్త ట్యాగ్‌కీ మధ్య 'గిట్ డిఫ్'ను 'నేమ్ ఓన్లీ' ఆప్షన్‌తో నడిపితే మారిన ఫైళ్ల పేర్లు వస్తాయి. ఆ పేర్లను కొత్త ట్యాగ్‌తో కలిపి 'గిట్ ఆర్కైవ్'కి ఇస్తే, ఫోల్డర్లు ఉన్నవి ఉన్నట్టుగా జిప్ తయారవుతుంది. కమిట్ అయినవే, అంటే గిట్‌లో భద్రపరిచినవే, అందులోకి వెళ్తాయి కాబట్టి మీ కంప్యూటర్‌లో సగం రాసి ఆపినవి చేరవు.

తీసేసిన ఫైళ్లు జాబితాలో ఉంటే మాత్రం ఆర్కైవ్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. గిట్ డిఫ్‌లోని 'డిఫ్ ఫిల్టర్' ఆప్షన్‌కి చిన్న అక్షరం డి ఇస్తే అవి తప్పుకుంటాయి. చాలామంది ఇక్కడితో పని అయిందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఒక మిఠాయి దుకాణం సైట్‌లో పాత ఆర్డర్ పేజీ తీసేశాం. జిప్ సరిగ్గానే ఉంది, సర్వర్‌లో ఆ పేజీ అలాగే ఉండిపోయింది. కూతురి సీమంతానికి ఐదు కిలోల సున్నుండలు కావాలని ఒకావిడ అందులోనే ఆర్డర్ పెట్టారు. అది ఎవరూ చూడని పాత డేటాబేస్ టేబుల్‌లోకి వెళ్లింది. ఆవిడ ఫోన్‌లో అడిగిన తీరు ఇప్పటికీ మర్చిపోలేను. అప్పటినుంచి మొదట, తీసేసిన ఫైళ్ల జాబితా తీసి వాటిని సర్వర్‌లోనూ తీసేస్తాను: ఫిల్టర్‌కి పెద్ద అక్షరం డి, పక్కన 'నో రీనేమ్స్'. ఈ రెండోది లేకపోతే, పేరు మార్చిన ఫైలు పాత పేరు ఈ జాబితాలోకి రాదు, సర్వర్‌లో పాత కాపీ మిగిలిపోతుంది.

ఫైలు పేరు తెలుగులో ఉంటే జాబితాలో అక్షరాలకు బదులు అంకెలు కనిపిస్తాయి. 'కోర్ డాట్ కోట్‌పాత్' అనే గిట్ సెట్టింగ్‌ని ఫాల్స్ చేస్తే సరిపోతుంది. పేర్లలో ఖాళీలు పెట్టకండి, ఒక పేరు రెండుగా విడిపోతుంది.

పీహెచ్‌పీ సైటైతే ఇంకొకటి చూసుకోండి. బయటి లైబ్రరీలు ఉండే 'వెండర్' ఫోల్డర్‌ను మామూలుగా గిట్‌లో పెట్టరు, కాబట్టి అది ఏ జాబితాలోనూ రాదు. ఆ లైబ్రరీల వెర్షన్లు రాసి ఉండే కంపోజర్ లాక్ ఫైలు మారినట్టు కనిపిస్తే వెండర్‌ని విడిగా ఎక్కించాలి.

ఇప్పటిదాకా మీకు ట్యాగులు లేవు కాబట్టి ఈ ఒక్కసారికి సైట్ మొత్తం ఎక్కించి, ఆ కమిట్‌కి మొదటి ట్యాగ్ పెట్టండి.