ఒక తెర వెనుక నాలుగు బల్లలు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

తెర మీద ముప్పై విండోలు పరుచుకుని ఉంటున్నాయని, కావలసిన దాన్ని వెతుక్కోవడంలోనే పని మీది ధ్యాస చెదిరిపోతోందని, ఇంకొక మానిటర్ కొనాలనుకుంటున్నానని రాశావు. రెండు పత్రాలను పక్కపక్కన పెట్టుకుని సరిపోల్చడమే నీ నిత్యకృత్యమైతే నిస్సంకోచంగా కొనుక్కో. కానీ నీ ఉత్తరం చదివితే నీకు కావలసింది మరింత చోటు కాదని, ఒక పని చేస్తున్నప్పుడు మిగతా పనులు కంటికి కనబడకుండా ఉండడమని నాకు అనిపించింది. అందుకు వర్చువల్ డెస్క్‌టాప్‌లు, అంటే ఒకే తెర వెనుక వేర్వేరు బల్లల్లా ఉండి ఒక్కోసారి ఒక్కటే కంటికి కనబడే పని చోట్లు, నీ కంప్యూటర్‌లో ఇప్పటికే ఉన్నాయి.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1986లోనే జిరాక్స్ కంపెనీ పరిశోధకులు ఆస్టిన్ హెండర్సన్, స్టువర్ట్ కార్డ్ 'రూమ్స్' అనే ఏర్పాటును వివరించారు. మనిషి విండోలను ఒక్కొక్కటిగా కాక గుంపులుగా వాడతాడని, ఒక పని నుంచి మరో పనికి మారినప్పుడు ఒక గుంపు మొత్తం పక్కకు తప్పుకుని ఇంకొక గుంపు ముందుకు రావలసి వస్తుందని, చిన్న తెర మీద ఆ మార్పిడికే శ్రమంతా ఖర్చవుతుందని వారు గమనించారు. ఆ గమనికను గుర్తుంచుకుంటే చాలు, ఏ డెస్క్‌టాప్‌లో ఏమి ఉంచాలన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. యూనిక్స్, లినక్స్ వాడేవారికి ఈ సౌకర్యం 1990ల నుంచే అలవాటు; మ్యాక్‌లోకి 2007లో, విండోస్‌లోకి 2015లో వచ్చిన విండోస్ 10తో ఇది నేరుగా చేరింది.

మొదట్లో నేను చేసిన పొరపాటు నువ్వు చేయకు. బ్రౌజర్‌కు ఒకటి, మెయిల్‌కు ఒకటి, రాతపనికి ఒకటి, లెక్కల పట్టికలకు ఒకటి చొప్పున ఎనిమిది డెస్క్‌టాప్‌లు తెరిచి, ఎంతో పద్ధతిగా ఉన్నానని మురిసిపోయాను. తీరా ఒక చిన్న నివేదిక రాయడానికి కూర్చుంటే, ఒక అంకె కోసం నాలుగో దానికి, ఒక వాక్యం కోసం రెండో దానికి, ఒక ఉత్తరం కోసం ఆరో దానికి తిరుగుతూనే ఉండవలసి వచ్చింది. ప్రోగ్రామును బట్టి కాదు, పనిని బట్టి విభజించాలి. నివేదికకు కావలసిన బ్రౌజర్ విండో, పట్టిక, రాసే పత్రం మూడూ ఒకే డెస్క్‌టాప్‌లో ఉండాలి; అదే బ్రౌజర్‌కు చెందిన మరొక విండో వేరే పనికి వేరే డెస్క్‌టాప్‌లో ఉన్నా నష్టం లేదు, నిజానికి అలాగే ఉండాలి.

ఆఫీసులో విండోస్ అన్నావు కనుక, విండోస్ కీతో ట్యాబ్ నొక్కితే అన్ని డెస్క్‌టాప్‌లూ కనబడతాయి. కంట్రోల్, విండోస్ కీలతో డి నొక్కితే కొత్తది పుడుతుంది. అవే రెండు కీలతో కుడి, ఎడమ బాణాలు నొక్కితే పక్కదానికి వెళ్తావు. అవే రెండు కీలతో ఎఫ్4 నొక్కితే ఇప్పుడున్న డెస్క్‌టాప్ మూసుకుంటుంది. మూసినప్పుడు అందులోని విండోలు పోవు, పక్క డెస్క్‌టాప్‌లోకి చేరతాయి కనుక భయపడనక్కరలేదు. ఇంట్లో మ్యాక్ మీద కంట్రోల్‌తో పై బాణం నొక్కితే అన్నీ కనబడతాయి, పక్క బాణాలు నొక్కితే పక్కదానికి వెళ్తావు. అయితే ఇటీవల వాడినదాన్ని బట్టి డెస్క్‌టాప్‌ల వరుసను తనంతట తానే మార్చే ఒక సెట్టింగ్ మ్యాక్‌లో ఉంది. దాన్ని ఈ రోజే తీసెయ్యి. మెయిల్ ఎప్పుడూ ఎడమ చివర, రాతపని దాని కుడి పక్కన అని చేతికి అలవాటు పడితేనే ఈ ఏర్పాటు వల్ల ప్రయోజనం. వరుస మారుతూ ఉంటే మళ్లీ వెతుకులాటే మిగులుతుంది. విండోస్ 11లో ఒక్కొక్క డెస్క్‌టాప్‌కు పేరుతో పాటు వేరే వాల్‌పేపర్ కూడా పెట్టుకోవచ్చు. అది అలంకారం అనుకోకు, ఎక్కడున్నామో చదవకుండానే తెలుస్తుంది.

ఏదైనా విండో అన్ని డెస్క్‌టాప్‌లలోనూ కనబడేలా చేయవచ్చు. నోట్సుకు మాత్రం ఆ గౌరవం ఇవ్వు. చాట్‌కు ఇచ్చావా, ఏ కబుర్ల నుంచి తప్పించుకోవడానికి ఇంత చేశావో అవి ప్రతి గదిలోకీ నీ వెంటే వస్తాయి.

దీని నుంచి లేనిపోనివి ఆశించకు. కనబడని డెస్క్‌టాప్‌లోని ప్రోగ్రాములు కూడా మెమరీని వాడుకుంటూనే ఉంటాయి కనుక కంప్యూటర్ వేగం పెరగదు. ఇది తాళం వేసిన గది కూడా కాదు. కుర్చీలో కూర్చున్న వారెవరైనా రెండు కీలతో అన్నీ చూడగలరు. సమావేశంలో తెర మొత్తాన్ని పంచుకుంటూ పొరపాటున బాణం నొక్కి, సగం రాసిన ఒక ఘాటైన ఉత్తరాన్ని అందరికీ చూపించిన అనుభవం నాకుంది. అప్పటి నుంచి తెరను కాక ఒక్క విండోనే పంచుకుంటున్నాను. విండోస్‌లో కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేశాక డెస్క్‌టాప్‌లు, వాటి పేర్లు మిగిలి ఉంటాయి గానీ విండోలు వాటి వాటి చోట్లకు తిరిగి రావు. ఉదయం ఐదు నిమిషాలు సర్దుకోవడానికి కేటాయించుకో.

మొదటి వారం రెండే చాలు, ఒకటి మెయిల్‌కు, కబుర్లకు, రెండోది ఆ రోజు చేయవలసిన ముఖ్యమైన పనికి. మూడోది ఆ రెండింటిలోనూ ఇమడని పని వచ్చినప్పుడే తెరువు. నాలుగు దాటితే నాకే ఏది ఎక్కడుందో గుర్తుండడం లేదు. నీ వయసుకు ఐదు వరకూ కుదురుతుందేమో, వాడి చూసి రాయి.

ఇట్లు,
మామయ్య