రోమన్ వెండి నాణేలు కొంటానన్న మేనకోడలికి

అమ్మడూ,

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు లండన్‌లో రోమన్ వెండి నాణేలు కొనడం మొదలుపెడుతున్నావని చెప్పాడు. "తాతయ్య పిచ్చి దీనికి అంటుకుంది" అని విసుక్కున్నాడు గానీ, లోపల మురిసిపోతున్నట్టే ఉంది. నాకూ సంతోషమే, దాంతోపాటు టెన్షన్ కూడా. అందుకే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. పది రెట్లు చూపించే భూతద్దం, గ్రాములో వందో వంతు చూపే తూకం కొనుక్కో. నాణేన్ని అంచుల దగ్గరే పట్టుకో. మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టకు, కొన్నాళ్లకి పచ్చటి జిగురు పడుతుంది. రెండు వేల ఏళ్ల వెండి పెళుసుబారి ఉంటుంది, కింద పడితే విరిగిపోవచ్చు. కాబట్టి ఎప్పుడూ బల్ల మీద గుడ్డ పరిచి చూడు.

నకిలీల భయం నాకు చాలా ఉంది. పోతపోసిన దొంగ నాణెమైతే అంచు చుట్టూ సన్నటి అతుకు గీత గానీ, పైన చిన్న చిన్న బుడగల గుంటలు గానీ కనిపించవచ్చు. ఒకే గీత, ఒకే నొక్కు రెండు నాణేల మీద అదే చోట ఉంటే రెండూ వదిలెయ్. లోపల రాగి, పైన వెండి రేకు ఉన్నవి రోమన్ల కాలంలోనే ఉండేవి. వాటిని తూకం చాలాసార్లు పట్టిస్తుంది. మొదటి రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలం దెనారియస్, అంటే రోమన్ల మామూలు వెండి నాణెం, దాదాపు 3.8 గ్రాములు. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి బరువూ తగ్గించాడు, వెండి పాలూ తగ్గించాడు. తర్వాతి వాటిని ఈ కొలతతో చూస్తే మంచివాటిని కూడా అనుమానిస్తావు.

చక్రవర్తికి ఒకటి చొప్పున పోగేస్తానన్నావట. వద్దమ్మా. అలా మొదలుపెట్టినవాళ్లు అరుదైన పేరు ఒక్కటి దొరక్క అప్పులపాలవుతారు. ఒకే నమూనా పట్టుకో, దాని తేడాలు నేర్చుకో. నన్నడిగితే టైబీరియస్ చక్రవర్తి దెనారియస్. బొమ్మ వైపు ఆయన తల. బొరుసు వైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ, ఒక చేతిలో కొమ్మ. ఆమె ఆయన తల్లి లివియా అని చాలామంది అంటారు. ఆయన ఏలినంత కాలం, క్రీ.శ. 14 నుంచి 37 దాకా, ఈ బొమ్మతోనే విపరీతంగా వేశారు. పైపైన చూస్తే అన్నీ ఒకటే. భూతద్దం పెట్టి చూడు: కుర్చీ కాళ్లు ఒకదానిలో నున్నగా, ఇంకోదానిలో నగిషీతో ఉంటాయి. కింద గీత ఒకచోట ఒకటి, ఒకచోట రెండు. రెండో చేతిలో ఉన్నది కొన్నిట్లో రాజదండం, కొన్నిట్లో తలకిందులైన ఈటె. ఆ కుర్చీ కాళ్లని బట్టే వాటిని వరసల్లో పెడతారు. బైబిల్లో యేసు చూపించమన్న పన్ను నాణెం ఇదేనని నమ్మకం ఉంది కాబట్టి గిరాకీ ఎక్కువ, నకిలీలూ ఎక్కువే. కొనేముందు అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ల ఆన్‌లైన్ జాబితాలో ఫొటోలు కళ్లు నొప్పి పుట్టేదాకా చూడు. అది ఉచితమే.

రెండోది, అగస్టస్ మనవలు గైయస్, లూసియస్ నిలబడి ఉన్న నాణెం. క్రీ.పూ. 2 ప్రాంతంలో, ఇప్పటి లియోన్ నగరంలో వెయ్యడం మొదలుపెట్టారు. ఇద్దరి మధ్య డాళ్లు, ఈటెలు. వాటి పైన పూజారుల గరిటె, వంకర కర్ర. ఏది ఎడమన, ఏది కుడిన ఉందో చూసి రాసుకో.

ఇవి రెండూ మన నేలలో ఎక్కువగా దొరికిన రోమన్ వెండి నాణేలు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఒక్కచోటే 1500 పైచిలుకు బయటపడ్డాయి. ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు (నాలుగైతే ఒక దెనారియస్), అంటే కోటీ పాతిక లక్షల దెనారియస్‌ల విలువ, ఇండియాకి పోతోందని రోమన్ రచయిత ప్లినీ గోల పెట్టాడు చూడు, ఆ మిరియాల బేరం డబ్బులో ఇవి కూడా ఒక భాగమే.

మీ నాన్న నీకు చెప్పి ఉండడు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మా ఊరి వెండి కొట్టుకి ఎవరో ముంతెడు పాత నాణేలు తెచ్చి అమ్మారు. తాతయ్య అవన్నీ తూకానికి కొన్నారు. భూమిలో దొరికిన నిధి కలెక్టరుకి చెప్పాలని 1878 నుంచీ చట్టం ఉంది, ఆ ఆలోచనే ఎవరికీ రాలేదు. ఎవరు తెచ్చారు, ఏ ఊరి పొలంలో దొరికాయి, తాతయ్య అడగలేదు. ఇంటికి తెచ్చి చింతపండు పెట్టి తోమించారు. తళతళలాడాయి, ఇంటిల్లిపాదీ చూసి ఆనందించాం. తర్వాత వాటిని రెండు కుప్పలు చేశారు. అక్షరాలు స్పష్టంగా ఉన్నవి ఒకవైపు. రెండో వైపు అక్షరాల చోట పిచ్చి గీతలూ సున్నాలూ ఉన్నవి, ముఖం వంకరపోయినవి. "ఇవి దొంగ నాణేలు" అని ఆ రెండో కుప్ప కొట్టుకి తిరిగి ఇచ్చి కరిగించారు. ఆ వెండితోనే నాకు పట్టీలు చేయించారు.

ఏళ్ల తర్వాత మిగిలినవి మ్యూజియానికి ఇవ్వడానికి వెళితే, అక్కడి ఆఫీసరు మొదట అడిగింది ఒక్కటే: ఎక్కడ దొరికాయండీ? తాతయ్య నోట మాట రాలేదు. రాత సరిగా లేనివి కూడా ఉండేవని చెబితే ఆయన కుర్చీలోంచి లేచాడు. రోమన్ నమూనా చూసి లాటిన్ రానివాళ్లు మన దేశంలోనే వేసిన నాణేలు అలాగే ఉంటాయట. మన కంసాలుల చేతి పని కావచ్చు, చూడకుండా చెప్పలేనన్నాడు. చూడటానికి ఏముంది, నా పట్టీలు తప్ప! తాతయ్య ఇంటికొచ్చి రెండు రోజులు సరిగా తినలేదు. అంత ప్రేమ ఉన్న మనిషి, తెలియక చేశారు. ఆయన మీద నాకు కోపం లేదు, నీకూ ఉండకూడదు.

అందుకే నీకు గట్టిగా చెబుతున్నా. నాణెంతో వచ్చిన చీటీ, పాత కవరు, వేలం జాబితా పేజీ, ఏదీ పారెయ్యకు. చీటీ లేకపోతే కొన్న తేదీ, దుకాణం, బరువు నువ్వే రాసి పెట్టు. తోమొద్దు. మరీ మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టు, అంతే. "ఇండియాలో దొరికిన కుప్ప" అని ఎవరైనా ఊరిస్తే, ఎప్పుడు దేశం దాటిందో కాగితం అడుగు. 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేలు ఇక్కడి నుంచి ఎవరుపడితే వాళ్లు పంపడానికి వీల్లేదు. కాగితం లేదంటే ఎంత చవకైనా వద్దు. మీ బాబాయి కొడుకుతో ఇక్కణ్నుంచి తెప్పించుకునే ఆలోచన అసలు పెట్టుకోకు. అలా చేశావని తెలిస్తే నీతో మాట్లాడను.

జీతం వచ్చిన రోజు వేలానికి వెళ్లకు. అద్దె కట్టాక మిగిలిందే నాణేలకి. వేళకి తిను, నువ్వు చిక్కిపోయావని మీ అమ్మ బెంగ పెట్టుకుంది.

మొదటి నాణెం కొన్నాక ఫొటోలు పంపు. బొమ్మ, బొరుసు, అంచు, మూడూ కావాలి, పక్కన బరువు రాసి. కుర్చీ కాళ్లు ఎలా ఉన్నాయో నాకంటే ముందు నువ్వే చెప్పాలి.

మీ అత్తయ్య